అయిదు పైన నాలుగు

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయపూర్
10 ఫిబ్రవరి 1974

అత్తా,

ముందు నీకు పదకొండు దణ్ణాలు. ఒకటి నాది, మిగిలిన పదీ నీకు తెలియనివాళ్లవి. వాళ్లెవరో ఈ ఉత్తరం చివరికి తెలుస్తుంది. మధ్యలో దూకి చదవకు.

నీ అల్లుడితో పనిచేసే మనవైపు కుర్రాడు పరదేశి సెలవునుంచి వచ్చాడు. నువ్వు పంపిన చింతపండూ, మునగాకు పొడీ జాగ్రత్తగా తెచ్చి ఇచ్చాడు. చింతపండు చూసి నీ అల్లుడు మూడు రోజులు వరసగా పులుసే పెట్టమన్నారు. ఇక్కడ ఇమ్లీ అని అమ్మేది గింజలతో నల్లగా ఉంటుంది, ఎంత పిసికినా పులుపు దిగదు. పాపకు దగ్గు తగ్గింది. వాముపొడి వేడన్నంలో కలిపి పెట్టమన్నావు, అలాగే పెట్టాను.

ఇక అసలు సంగతి. మా గోడకు అవతలి క్వార్టరు సుక్‌వారో అనే ఆవిడది. ఇక్కడి మనిషే, మాట ఛత్తీస్‌గఢీ. మొగుడు నీ అల్లుడి రైల్వే వర్క్‌షాపులోనే ఖలాసీ, వ్యాగన్ల చక్రాలు దింపే చోట పనిచేస్తాడు. పోయిన వానాకాలం వాళ్ల కూతురు అత్తవారింట్లో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. కబురు వచ్చిన రోజునుంచీ సుక్‌వారో నోరు పెగల్లేదు. వంట చేస్తుంది, నీళ్లు పడుతుంది, పిలిస్తే చూస్తుంది. మాట మాత్రం లేదు. డాక్టరు చూసి గొంతులో లోపమేమీ లేదన్నాడు. అయిదు నెలలు అలాగే గడిచాయి.

నాకేం చేయాలో తోచలేదు. ఓదార్చడానికి నా హిందీ చాలదు. అందుకని రోజూ పొద్దున్న వర్క్‌షాపు భోంపూ మోగి మగవాళ్లు వెళ్లిపోయాక, నా జపం వాళ్ల గుమ్మంలో కూర్చుని చేసుకోవడం మొదలుపెట్టాను. నువ్వు మనసులోనే చేయమన్నావు, గుర్తుంది. కానీ లోపల చేసుకుంటే ఆవిడకేం వినపడుతుంది? పైకే అన్నాను. నువ్వు చెప్పిన తొమ్మిది అక్షరాలూ, రోజుకు నూట ఎనిమిది సార్లు. ఆవిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ వినేది.

పోయిన సోమవారం నాకు జలుబు చేసి మధ్యలో గొంతు పట్టేసింది, ఆగిపోయాను. ఆగినచోట ఆవిడ అందుకుంది అత్తా! చేట పక్కన పెట్టి, నా మొహంలోకి చూస్తూ తొమ్మిదీ అంది. మళ్లీ అంది. ఏడుస్తూ అంది. నేనూ ఏడ్చాను. మా ఇద్దరి ఏడుపూ విని పక్కింటివాళ్లు ఎవరో పోయారనుకుని పరిగెత్తుకొచ్చారు. ఆ రోజునుంచి మాట్లాడుతోంది. నిన్న కొళాయి దగ్గర ఎవరితోనో పోట్లాడింది కూడా. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

కాలనీ అంతా తెలిసిపోయింది. ఆడవాళ్లు వచ్చి మాకూ చెప్పమని ఎంతో ఆగ్రహం చేశారు. అంత ఆగ్రహం చేశాక ఇవ్వకుండా ఎలా ఉంటాను? స్నానం చేసి రమ్మని ఒక్కొక్కరికీ కుడిచెవిలో చెప్పాను. సుక్‌వారోతో కలిపి పదిమంది. ఆ పది దణ్ణాలూ వాళ్లవి.

తల్లి పోయిన పసిగుడ్డును తెచ్చి పెంచావు, పెళ్లి చేశావు. వాటికి దణ్ణం ఎప్పుడైనా పెట్టుకుంటాను. ఏడేళ్ల కిందట బొబ్బిలి స్టేషన్లో నా చెవిలో చెప్పినదానికి ఇవాళ పెడుతున్నాను.

నీ సుభద్ర


కొత్తపేట, బొబ్బిలి తాలూకా
21 ఫిబ్రవరి 1974

సుభద్రకు శేషమ్మ దీవెనలు. కార్డు చిన్నది కాబట్టి తిట్లు కుదించి రాస్తున్నాను.

సుక్కువారం అంటే మనిషా, వారమా? నాలుగుసార్లు చదివితేగాని మనిషని తెలియలేదు. ఆవిడకు మాట వచ్చింది, చాలా సంతోషం. శివుడు చల్లగా చూడాలి.

తొమ్మిది ఏమిటి? నేను నీకు చెప్పింది అయిదు. మా అత్తవారి గురువుగారు నాకు చెప్పిందీ అయిదే. లెక్క తప్పావా? లేకపోతే ఆ ఊళ్లో ఏ స్వాములవారి దగ్గరో ఇంకొకటి పుచ్చుకుని దానికి నా పేరు పెడుతున్నావా?

నేను నీకు చెప్పానుగాని పదిమందికి పంచమన్నానా? పైగా వాళ్లకు అంత ఆగ్రహం వచ్చిందని నువ్వే రాశావు. కోపంతో ఊగుతున్నవాళ్లను పట్టుకుని చెవిలో మంత్రం చెబుతారా ఎవరైనా? ఏం చేసి వాళ్లకు అంత కోపం తెప్పించావు? ముందు అది చల్లార్చు.

కార్డంటే నలుగురూ చదివేది. ఇంతకన్నా రాయను. పాపకు వాముపొడి ఆపెయ్యి, ఎండలు వస్తున్నాయి.

శేషమ్మ


రాయపూర్
8 మార్చి 1974

అత్తా,

నీ కార్డు చదివాక ఆ పూట అన్నం సయించలేదు.

ముందు ఆగ్రహం సంగతి. ఇక్కడ ఆగ్రహ్ అంటే బతిమాలడం. ఏడేళ్లుగా ఈ హిందీ మధ్య పడి ఏది ఎవరి మాటో మరిచిపోతున్నాను. నీ అల్లుడు కార్డు చదివి పడీపడీ నవ్వారు. "కాలనీ ఆడోళ్లందరూ సీపుళ్లట్టుకుని నీ ఎనకాల పడ్డారనుకుంటంది మీ యత్త" అన్నారు. ఎవరికీ కోపం లేదు. బతిమాలారు, ఇచ్చాను. అంతే.

ఇక రెండో మాట. తొమ్మిదే అత్తా. అయిదు లోకమంతా తెలిసినవే. గుడి గోడల మీద రాసి ఉంటాయి. భన్‌పురి వైపు వెళితే ప్రతి రెండో లారీ ముందరా రాసి ఉంటాయి. వాటికోసం నన్ను కిటికీ దగ్గరకు వంచి చెవిలో చెప్పాలా? తర్వాత వచ్చే నాలుగూ నీ సొంతమని, అందుకే చెవిలో చెప్పావని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. లోపల కాస్త గర్వం కూడా ఉండేది. అందరిదీ అయిదు, మా అత్తది తొమ్మిది అని.

నీకు గుర్తులేకపోతే నేను చెబుతాను. మాఘమాసం, రాయపూర్ పాసింజరు. నీ అల్లుడు ట్రంకు పెట్టె ఎక్కించి చోటు పట్టారు. నేను కిటికీ పక్కన కూర్చుని ఒకటే ఏడుపు. నువ్వు ఏడవలేదు. నువ్వెప్పుడు ఏడ్చావు గనక? "ఓలే పిల్లా, సెవి ఇలాగెట్టు" అన్నావు. కుడిచెవి ఊచలకు ఆనించాను. ఇంజను కూస్తోంది, నువ్వు చెబుతున్నావు. మూడుసార్లు చెప్పావు. మూడుసార్లూ తొమ్మిదే. ఒక్కసారైతే పొరపడ్డాననుకుంటాను. మూడుసార్లూ పొరపడతానా?

ఒత్తులూ పొల్లులూ కలిపి లెక్కపెట్టానేమో అని నీ అల్లుడి అనుమానం. నేనంత మొద్దునా? ఇక్కడివాళ్లు ఏ మాటకైనా చివరి అచ్చు మింగేసి పలుకుతారు. నేను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, మింగకుండా నిండుగా అనిపించి, అప్పుడు మాల చేతికిచ్చాను. చూపుడువేలు తగలకుండా బొటనవేలితో, మధ్యవేలితో తిప్పడం నేర్పాను. మేరుపూస దాటకుండా వెనక్కి తిప్పుకోవడం నేర్పాను. అంతా నువ్వు నాకు నేర్పినట్టే.

నీకు అరవై దాటాయి, మరిచిపోయి ఉంటావు. లేదా నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో చూడటానికి పరీక్ష పెడుతున్నావు. అలాగైతే ఇక చాలు, నెగ్గావని చెప్పు.

ఏ స్వాముల దగ్గరకూ నేను వెళ్లలేదు. ఆ మాట రాసినందుకు నీ మీద అలిగాను.

సుభద్ర


కొత్తపేట
29 మార్చి 1974

సుభద్రకు,

నువ్వు అలిగావు కాబట్టి కార్డు మానేసి ఇన్లాండు తెప్పించాను. ఇందులో పెద్దగా తిట్టొచ్చు, ఎవరూ చదవరు.

నాకు మతిమరుపు రాలేదు. పరీక్షలు పెట్టడానికి నేను పంతులమ్మనూ కాను. పక్కింటి రంగనాయకమ్మకు కంట్లో పొర వచ్చి నన్ను గొంతుబట్టి గుర్తుపడుతోంది. నాకు మాత్రం కళ్లూ, చెవులూ, బుర్రా మూడూ పనిచేస్తున్నాయి.

అయిదక్షరాలు లారీల మీద ఉన్నాయని రాశావు. ఉంటాయి. అన్నం అందరి ఇళ్లలోనూ ఉంటుంది, అయినా ఎవరో ఒకరు కూర్చోబెట్టి వడ్డించాలి. చెవిలో చెప్పడమంటే అదే. దాని అర్థం మా గురువుగారు ఒక్క మాటలో చెప్పారు: నాది కాదు అని. ఇల్లు నాది కాదు, ఒళ్లు నాది కాదు, పోయిన మనిషీ నా మనిషి కాదు. పంతొమ్మిదో ఏట పసుపూ కుంకుమా పోయినదానికి ఆ మాట ఎంత అక్కరకు వచ్చిందో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన తలుపు అవతల నిలబడి చెప్పారు, నేను ఇవతల నిలబడి విన్నాను. ఒక అక్షరం తగ్గినా దోషం, పెరిగినా దోషం అని కూడా చెప్పారు.

అదే నా భయం. నువ్వు మంత్రానికి తోక తగిలించావు. ఆ తోక పట్టుకుని పదిమంది ఊపుతున్నారు. పాపం, నిన్ను నమ్మి వచ్చినవాళ్లు. రేపు వాళ్ల పిల్లాపాపలకు ఏదైనా అయితే ఆ పాపం నీదా, నాదా? నాకు రెండు వారాలుగా ఇదే ఆలోచన.

ఒక ఉపాయం తోచింది. మొదటి అయిదు జోలికీ పోకు. తర్వాతి నాలుగు మాత్రం రాసి పంపు. అవి ఎలాగూ మంత్రం కావు కాబట్టి కాగితం మీద పెట్టినా తప్పులేదు. నేను చూసి చెప్పేదాకా కొత్తగా ఎవరికీ చెప్పకు.

శేషమ్మ


కొత్తపేట
26 మే 1974

సుభద్రా,

రెండు నెలలైంది, నీ దగ్గరనుంచి ముక్క లేదు. రైళ్లు ఆగిపోయాయి. రైలు పనివాళ్లను పట్టుకెళుతున్నారని పేపర్లో పడిందట. అల్లుడు అమ్మిరాజు ఎలా ఉన్నాడు? ఇంట్లోనే ఉన్నాడా? పాప ఎలా ఉంది?

అక్షరాలు తొమ్మిదో తొంభయ్యో, తర్వాత చూసుకుందాం. మీరు ముగ్గురూ బాగున్నామని ఒక్క ముక్క రాయి. నేను కటువుగా రాసి ఉంటే అది నా చేతిరాత అలవాటు. నా మీద కోపం ఉంటే ఉంచుకో, ఉత్తరం మాత్రం రాయి.

శేషమ్మ


రాయపూర్
9 జూన్ 1974

అత్తా,

మేం ముగ్గురం బాగున్నాం. ముందు ఇది చదువుకుని, గుక్కెడు నీళ్లు తాగి, తర్వాత మిగతాది చదువు.

నిజం చెప్పేస్తాను. ఏప్రిల్‌లో జవాబు రాయకపోవడం సమ్మె వల్ల కాదు, కోపం వల్లే. ఆ నాలుగూ ఎలాగూ మంత్రం కావని ఒక్క మాటతో కొట్టిపారేశావు. మంత్రమైతే కాగితం మీద పెట్టకూడదు. కాకపోతే ఇన్నేళ్లుగా నేను చేసిందేమిటి? రాయబోయి రెండు ఇన్లాండులు పాడుచేశాను.

తర్వాత సమ్మె వచ్చింది. నీ అల్లుడు యూనియన్‌లో ముందు నిలబడే మనిషి కాదుగాని, వెనకా నిలబడలేదు. రెండో రోజు కాలనీలోకి పోలీసు బండ్లు వచ్చాయి. ఆయనా, పరదేశీ పెరటి గోడ దూకి వెళ్లిపోయారు. భన్‌పురిలో ఒక లారీ షెడ్డులో దాక్కున్నారట, అది నాకు తర్వాత తెలిసింది. క్వార్టర్లు ఖాళీ చేయాల్సి వస్తుందని ఒకరు, ఉద్యోగాలు పోయినట్టేనని ఒకరు. పాపను ఒళ్లో పెట్టుకుని ఏ మాట వినాలో, ఏది వినకూడదో తెలియకుండా కూర్చున్నాను.

ఆ సాయంత్రమే సుక్‌వారో తన చాప తెచ్చి మా గదిలో పరిచింది. ఆయన వచ్చేదాకా పదహారు రోజులు అది తీయలేదు. వాళ్లింట్లో ఉన్న కనికె, అంటే నూకలు, సగం మా కుండలో పోసింది. మిగతావాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చునేవారు. వాళ్ల మొగుళ్లూ ఇళ్లలో లేరు, వాళ్ల భయాలు వాళ్లకున్నాయి. భోంపూ లేదు, సమ్మెట చప్పుడు లేదు. వర్క్‌షాపు అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు తెలియదు. ఆ నిశ్శబ్దంలో పదకొండుమందిమీ తొమ్మిది అక్షరాలూ అన్నాం. నాకు గొంతు రాని రోజున సుక్‌వారో నాకూ కలిపి అంది. భయం పోయిందని చెప్పను. భయంతోనే వండుకుని తిన్నాను, పాపకు జడ వేశాను, నిద్రపోయాను. ఒక మంత్రం ఇంతకన్నా ఏం చేయాలి అత్తా?

ఆయన క్షేమంగా వచ్చారు. గడ్డం పెరిగి పాప గుర్తుపట్టక ఏడ్చింది. మొన్న మళ్లీ పనిలోకి తీసుకున్నారు. అన్నీ కుదుటపడ్డాయి.

నీ కార్డు చూశాక నాకు కోపం నిలవలేదు. నీ చేతిరాత అలవాటు నాకు తెలియదా? అందుకే ఇక దాచను. మొదటి అయిదు జోలికి పోకుండా తర్వాతి నాలుగూ రాస్తున్నాను. తప్పయితే శివుడు నిన్నే అడగాలి, రాయమన్నది నువ్వే కాబట్టి.

అనుతలీం

చివరిది హ్రీం, క్లీం లాంటి బీజాక్షరమని నా నమ్మకం. అర్థం నాకు తెలియదు. నీకు తెలిస్తే చెప్పు.

సుభద్ర


కొత్తపేట
24 జూన్ 1974

సుభద్రకు,

అమ్మిరాజు క్షేమంగా ఇల్లు చేరాడన్న ముక్క చదివి శివాలయంలో దీపం పెట్టించాను. కనికె పోసిన ఆ ఇల్లాలి కడుపు చల్లగా ఉండాలి.

నువ్వు రాసిన మాట గుమ్మంలో నిలబడే చదివాను. ఏమీ అర్థం కాలేదు. రంగనాయకమ్మకు చదివి వినిపించాను, ఆవిడకూ కాలేదు. నాలుగు రోజులు దాన్ని నోట్లో వేసుకుని తిరిగాను. అయిదో రోజు గేదెకు కుడితి పెడుతూ పైకి అన్నాను, కాస్త గబుక్కున. అప్పుడు నా గొంతు నాకే వినిపించింది. అలాగే కుడితి గోలెం పక్కన కూలబడ్డాను.

పిల్లా, అది బీజాక్షరం కాదు. తెలుగే.

నీ చెవిలో అయిదూ చెప్పాను. చెప్పింది నువ్వు తిరిగి అనాలి, అప్పుడుగాని ఉపదేశం పూర్తికాదు. నువ్వు ఏడుపు ఆపితేగా! అందుకని "అను తల్లీ" అన్నాను. నువ్వు అనలేదు. రెండోసారి అయిదూ చెప్పి మళ్లీ "అను తల్లీ" అన్నాను. మూడోసారీ అంతే. పైన ఇంజను కూత. ఆ కూత నా మాట చివర కలిసి నీకు "ఈం" అని వినిపించింది. తర్వాత రైలు కదిలింది, నీ పెదవులు ఆడటం చూశాను, అన్నావులే అనుకుని ఇంటికి వచ్చాను.

ఇన్నేళ్లూ శివుణ్ణి కూర్చోబెట్టి నువ్వు "అను తల్లీ, అను తల్లీ" అంటున్నావన్నమాట.

మొదట నవ్వొచ్చింది. రంగనాయకమ్మకు చెబితే ఆవిడ గోడ పట్టుకుని నవ్వింది. ఆవిడ వెళ్లాక నాకు నవ్వు పోయింది. నిన్ను అనుమానించాను, స్వాములవారిని అంటగట్టాను, లెక్క రాదన్నాను. తప్పు నాది. నువ్వు విన్నది విన్నట్టు పట్టుకున్నావు.

కానీ తెలిశాక దిద్దకుండా ఉండకూడదు. నా ఊతమాట ఒకటి పదిమంది నోళ్లలో మంత్రమై కూర్చుంది. అందరికీ చెప్పు. మళ్లీ స్నానం చేయించి అయిదే చెవిలో చెప్పు. ముఖ్యంగా సుక్‌వారోకి. ఆలస్యం చేయకు.

శేషమ్మ


రాయపూర్
14 జులై 1974

అత్తా,

నీ ఉత్తరం చదివి నవ్వానని రాయాలని ఉంది. నవ్వింది నీ అల్లుడు. నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.

నాకెందుకు తెలియలేదా అని రెండు రోజులు ఆలోచించాను. అను అంటే తెలుసు. తల్లీ అంటే తెలుసు. తెలుగు మరిచిపోయేంత హిందీ నాకు రాలేదు. కానీ నీ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు అత్తా. పద్దెనిమిదేళ్లు నీ చేతి అన్నం తిన్నాను. పిల్లా అన్నావు, ఓలే అన్నావు, మొద్దూ అన్నావు. జ్వరమొచ్చి పడుకుంటే కూడా "లేసి గెంజి తాగు పిల్లా" అన్నావు. అలాంటి నీ గొంతులో తల్లీ అని వస్తే తెలుగని ఎలా పోల్చుకుంటాను? దేవుళ్ల భాష అనుకున్నాను.

నువ్వు చెప్పావని మర్నాడు అయిదే చేద్దామని కూర్చున్నాను. నాలుక ఆగలేదు. బలవంతాన ఆపితే, మెట్టు ఉందనుకుని కాలు వేసినట్టయింది. అయినా నా సంగతి సరే, నేనెలాగో నేర్చుకుంటాను. సుక్‌వారోకి ఏమని చెప్పను? ఆవిడకు మాట తెచ్చినవే ఆ తొమ్మిది. అందులో నాలుగు తప్పు, తీసెయ్యి అన్నాననుకో. వాటితోపాటు మాటా పోతే? ఇంకో అయిదు నెలలు ఆ మూగ మొహం నేను చూడలేను. వారం రోజులు ఆవిడ కంటబడకుండా తిరిగాను. కొళాయి దగ్గరకు కూడా ఆవిడ వెళ్లి వచ్చాకే వెళ్లాను. చివరకు ఆవిడే వచ్చి, నా వల్ల ఏం తప్పు జరిగింది, ఎందుకు మాట్లాడవు అని అడిగింది. మాట్లాడటం లేదని నన్ను ఆవిడ అడిగింది అత్తా!

చెప్పేశాను. నాకు వచ్చిన హిందీలో, బొబ్బిలి స్టేషనూ, ఇంజను కూతా, అన్నీ. "చివరిది మంత్రం కాదు. మా అత్త నన్ను 'బోల్ బేటీ' అంది. నేను అదీ మంత్రమే అనుకున్నాను, నీకూ అదే ఇచ్చాను. క్షమించు" అన్నాను. ఆవిడ కింద కూర్చుండిపోయింది. చాలాసేపు ఒక్క మాట లేదు. అయిపోయింది, మళ్లీ మూగబోయింది అనుకున్నాను.

అప్పుడు తలెత్తి అంది. ఈసారి పొరపాటు రాకుండా రెండుసార్లు అనిపించుకుని మరీ రాస్తున్నాను.

"భగవాన్ కే నావ్ త మై జానత్ రహేవ్ దీదీ. ఫేర్ 'బోల్ బేటీ' కోనో నఇ కహే రిహిస్."

దేవుడి పేరు నాకు ముందే తెలుసక్కా, కానీ చెప్పు తల్లీ అని ఎవరూ నాతో అనలేదు, అని దాని అర్థం.

నిజమే అత్తా. కూతురు పోయాక ఆవిడతో అందరూ ఊరుకో అన్నారు. ఏడవకు అన్నారు, రెండు ముద్దలు తిను అన్నారు. నేనూ అవే అన్నాను. నీ మనసులో ఏముందో చెప్పు అని ఒక్కరమూ అనలేదు. ఆ మాట అన్నది నువ్వు. నువ్వెవరో ఆవిడకు తెలియదు, ఆ భాష రాదు, అందులో ఏముందో చెబుతున్న నాకే తెలియదు. అయినా అది ఆవిడకు చేరింది.

మిగతావాళ్లకూ చెప్పాను. మార్చుకుంటామని ఒక్కరూ అనలేదు. నువ్వు ఏం చేయమంటే అది చేస్తాను, ఇప్పటిదాకా చేసినట్టే. తీసెయ్యమని మాత్రం అనకు.

సుభద్ర


కొత్తపేట
1 ఆగస్టు 1974

సుభద్రకు,

తీసెయ్యకు. ఎవరి చేతా తీయించకు.

అక్షరం పెరిగితే దోషమని గురువుగారు చెప్పారు. ఆయన మాట నేను కాదనను, నా అయిదుకూ ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ ఆయన తలుపు అవతలనుంచి చెప్పి, నేను తిరిగి అన్నానో లేదో వినకుండానే వెళ్లిపోయారు. విధవపిల్లకు అంతమాత్రం చెప్పడమే ఆ రోజుల్లో గొప్ప. నలభై నాలుగేళ్లుగా తప్పు లేకుండా చేస్తున్నాను. నాది కాదు, నాది కాదు అని. చివరకు నిన్ను కూడా అలాగే పెంచాను. ఇది అన్నయ్య కూతురు, నాది కాదు, రేపు రైలెక్కి పోతుంది అనుకునేదాన్ని. తల్లీ అంటే వదల్లేనని భయం, అందుకే పిల్లా అన్నాను. రైలు కదలబోతుంటే నోరు జారింది.

మంత్రంలో అయిదూ నావి కావు. ఆ నాలుగే నావి. నేను నావి అనుకోవడానికి సిగ్గుపడినవాటిని నువ్వు ఇన్నేళ్లు మాల తిప్పి దాచావు. ఇంతకన్నా నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

సుక్‌వారోకి నేను దణ్ణం పెట్టానని చెప్పు. పెద్దదాన్ని పెట్టకూడదంటుందేమో, పెట్టానని చెప్పు. మీ ఇంటికి కనికె పోసినందుకు ఒకటి, నా మాటకు అర్థం నాకు చెప్పినందుకు ఒకటి.

ఈ ఉత్తరం మొదట పేరుకు ముందు ఆ మాట పెట్టి రాద్దామనుకున్నాను. కలం ఆడలేదు. నువ్వు నవ్వినా సరే, నా వల్ల కాలేదు.

నిన్న పొద్దున్న స్నానం చేసి జపానికి కూర్చున్నాను. అయిదూ అన్నాక ఆగాను. వాకిట్లో ఎవరూ లేరని చూసుకుని, నాకు నేనే "అను తల్లీ" అని చెప్పుకున్నాను. అరవై మూడేళ్లలో నాతో ఆ మాట అన్నవాళ్లు లేరు, నేనే అనుకోవాల్సి వచ్చింది. ఏడ్చాను. నువ్వు చూడలేదు కాబట్టి రాస్తున్నాను. కళ్లు తుడుచుకుని మిగిలిన మాల పూర్తి చేశాను, పూసకు తొమ్మిదేసి అక్షరాలతో.

శేషమ్మ